యాభై నాలుగేళ్ల పాపకు బొమ్మల పుస్తకం

"ఎంత వయసు పాపకండీ?" అని అడిగాడు గవర్నర్‌పేటలో పుస్తకాల షాపాయన.

"యాభై నాలుగు," అన్నాను.

ఆయన నవ్వలేదు. నా చేతిలోని పుస్తకాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, గిఫ్ట్ ప్యాకింగ్ కోసం తీసిన రంగుకాగితాన్ని మళ్లీ బల్ల కిందకి నెట్టేశాడు. నేను పటమటలో ఒక స్కూల్లో లైబ్రేరియన్‌ని. ఆ రోజు వెళ్లింది స్కూలుకి పుస్తకాలు తేవడానికే. నేను రాసిచ్చిన జాబితాలో, బొమ్మలు వెయ్యడం గురించి పిల్లల కోసం వేసిన బొమ్మల పుస్తకాలు ఆరు ఉన్నాయి. మా కరస్పాండెంటుగారు ఆరింటినీ కొట్టేసి పక్కన "జి.కె." అని రాశారు. "వాటిల్లో చదవడానికేముందమ్మా? పేజీకో లైను. రెండు నిమిషాల్లో తిప్పి అవతల పారేస్తారు," అన్నారు. చదవడానికేం లేదు, నిజమే. చూడటానికి ఉంది. ఆ మాట ఆయనతో అనలేకపోయాను గానీ, స్కూలుకి అక్కర్లేకపోతే నాకు కావాలి అనుకున్నాను. ఒకటి నాకోసం కొనుక్కుని, సంచిలో జి.కె. పుస్తకాల పైన పెట్టుకుని ఆటో ఎక్కాను.

ఆ పుస్తకంలో పెద్ద కథేమీ లేదు. ఒక పిల్ల పెరట్లో తిరిగే కోడిపుంజు బొమ్మ వెయ్యాలనుకుంటుంది. పుంజు ఒక్కచోట నిలబడదు. మొదటి పేజీలో కాళ్లు మాత్రమే వస్తాయి. రెండో దానిలో తోక పెద్దదైపోయి పేజీ చాలదు. మూడో పేజీలో ముక్కు ఎక్కడ పెట్టాలో తెలియక మూడు చోట్ల పెడుతుంది. ఆ మూడు ముక్కులూ అలాగే ఉంటాయి, ఎవరూ చెరపరు. ఇంకో పేజీలో బొమ్మ పక్కనే బొటనవేలి మసిముద్ర ఉంటుంది. పుస్తకం అయిపోతుంది గానీ పుంజు పూర్తి కాదు.

షాపులో ఆ మూడు ముక్కుల పేజీ చూసినప్పుడు నాకు ముచ్చటెయ్యలేదు. కోపమొచ్చింది. ఇది ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చింది అనిపించింది. నా పదహారో ఏట ఎవరైనా దీన్ని నా చేతిలో పెట్టి ఉంటే నా చెయ్యి నాకు మిగిలేది.

అప్పుడు మా నాన్న కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్‌లో పనిచేసేవారు. మేం క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నేను రోజూ రైల్లో బెజవాడ వచ్చి ఇంటర్ బైపీసీ చదివేదాన్ని. బోటనీ రికార్డులో మందారపువ్వు నిలువుకోత వెయ్యాలి. రికార్డంటే ఒకవైపు తెల్లపేజీ, ఒకవైపు గీతల పేజీ ఉండే అట్టల పుస్తకం. తెల్లపేజీలో బొమ్మ, గీతల పేజీలో వివరం. అందరూ టెక్స్ట్‌బుక్కులోంచి బొమ్మ దించేసేవాళ్లు. పెరట్లో చెట్టు పెట్టుకుని పుస్తకంలోంచి దించడమేమిటి అనిపించింది నాకు. ఆదివారం చర్చి నుంచి రాగానే ఒక పువ్వు కోసి, బ్లేడుతో నిలువునా చీల్చి ముందు పెట్టుకున్నాను. ఒక రేకుని పురుగు కొరికింది, బఠాణీ గింజంత కన్నం. ఆ కన్నాన్ని కూడా వేశాను. దాని అంచు గోధుమరంగుకి తిరిగి ముడుచుకుపోయి ఉంటే, ఆ ముడత వచ్చేదాకా పెన్సిల్‌తో కుస్తీ పట్టాను. అమ్మ రెండుసార్లు అన్నానికి పిలిచినా నాకు వినబడలేదు.

మా లెక్చరర్ మేడమ్ చెడ్డమనిషేం కాదు. బొమ్మ వంక చాలాసేపు చూశారు. తర్వాత ఎర్రపెన్ను తీసి, పేజీకి ఈ మూల నుంచి ఆ మూలకి గీత కొట్టి, కింద "రిపీట్" అని రాశారు.

"పుస్తకంలో ఉన్నట్టు వెయ్యమ్మా, పెరట్లో ఉన్నట్టు కాదు," అన్నారు.

క్లాసంతా నవ్వింది. సిగ్గేసి నేనూ నవ్వాను. ఆ సాయంత్రం పుస్తకంలో పువ్వుని ఉన్నదున్నట్టు దించాను. సంతకం పడింది, పక్కన "వెరీ గుడ్" కూడా పడింది.

అప్పటినుంచి నా చెయ్యి ఉమ్మడి ఆస్తి అయిపోయింది. ప్రింటు కొట్టినట్టు వేస్తుందని పేరొచ్చింది, ఆ పేరు వినడానికి బాగుండేది. మా తమ్ముడి జువాలజీ రికార్డు మొత్తం నాదే. వాడు బొద్దింక కాలు ఒక్కటి కూడా గియ్యకుండా ఇంటర్ గట్టెక్కాడు. వాడి స్నేహితులవి, పెదనాన్న పిల్లలవి, పక్క క్వార్టర్ వాళ్లవి, పాస్టరుగారి అమ్మాయివి కూడా నేనే వేసిపెట్టాను. ఉద్యోగంలో చేరాక టీచర్లందరి చార్టులూ నా బల్ల మీదకి చేరాయి. కప్ప జీర్ణవ్యవస్థ ఎన్నిసార్లు వేసి ఉంటానో నాకే తెలియదు. ఒక్క కప్పనైనా సరిగ్గా చూసిన పాపాన పోలేదు.

కోడిపుంజు పుస్తకం తర్వాత ఇంకొన్ని కొన్నాను. ఒకదానిలో ఒక అమ్మమ్మ వంటింట్లో పసుపుతో, బీట్‌రూటుతో, టీ డికాక్షన్‌తో రంగులు చేస్తుంది. ఇంకొకదానిలో చెక్కబొమ్మలకి రంగులేసే ముసలాయన ఉంటాడు. చివరి పేజీ నిండా ఆయన చెయ్యి మాత్రమే, గోళ్లలో ఇరుక్కున్న రంగుతో సహా. అలాంటి గోళ్లు నేను చిన్నప్పుడు కొండపల్లిలో చూశాను. అక్కడ అంగట్లో అమ్మకానికి పెట్టిన బొమ్మల దగ్గర నేనెప్పుడూ ఆగేదాన్ని కాదు. ఇళ్ల అరుగుల మీద, ఇంకా కళ్లు పెట్టని చిలకల దగ్గర, ఒక వైపే రంగేసిన ఏనుగుల దగ్గర ఆగేదాన్ని. పూర్తయిన బొమ్మని చూస్తే బాగుంది అంటాం, వెళ్లిపోతాం. సగంలో ఉన్నదాన్ని చూస్తే మన చెయ్యి ఊరుకోదు. ఈ పుస్తకాలు చేసే పని అదే. తప్పు ఎక్కడ జరిగిందో, మళ్లీ ఎక్కడ మొదలైందో దాచకుండా చూపిస్తాయి. పిల్లల పుస్తకాలట! పిల్లలకి ఇవన్నీ ముందే తెలుసు. మర్చిపోయింది మనం.

నేను మేడ మీద పోర్షన్‌లో ఒక్కదాన్నే ఉంటాను. కింద తమ్ముడు, మరదలు, వాళ్లమ్మాయి. బట్టలారేయడానికి పైకొచ్చినప్పుడల్లా మరదలు, "చత్వారం వచ్చాక బొమ్మల పుస్తకాలేంటి వదినగారూ!" అని నవ్వేది. "చత్వారానికి ఇవే మంచివి, అక్షరాలు తక్కువ," అనేదాన్ని.

మొన్న చలికాలంలో ఒక శనివారం మధ్యాహ్నం మేనకోడలు జువాలజీ రికార్డు పట్టుకుని పైకొచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం. "అత్తా, హార్ట్ ఒక్కటే మిగిలింది. సోమవారం లాస్ట్ డేట్. సంతకం లేకపోతే ప్రాక్టికల్స్‌కి రానివ్వరంట," అంది. అంతకుముందు పేజీలన్నీ నేను వేసిపెట్టినవే. పెన్సిల్ చెక్కి, టెక్స్ట్‌బుక్కు తెరిచి మొదలుపెట్టాను. నా చెయ్యి దానంతటదే పోతోంది. అది పక్కనే కూర్చుని ఫోను చూసుకుంటోంది. పరీక్ష దానిది, సంతకం దానిది. గుండె బొమ్మ నాది, నా మనసు అందులో లేదు. తల తిప్పితే అరలో కోడిపుంజు పుస్తకం కనబడింది. ఇన్నేళ్లుగా నేను సాయం అనుకుని చేసింది ఏమిటో అప్పుడు తట్టింది. నేను వేసిన ప్రతి రికార్డుకీ ఒకళ్ల చెయ్యి ఖాళీగా కూర్చుంది.

వేసిన సగం గుండెనీ చెరిపేసి, "నేను వెయ్యను. నువ్వే వెయ్యి," అన్నాను.

"నాకు రాదత్తా!" అని ఏడుపు మొదలుపెట్టింది. ఆ ఏడుపుకి తమ్ముడు మెట్లెక్కి వచ్చాడు.

"ఏంటక్కా ఇది? ఊళ్లోవాళ్లందరికీ వేసిపెట్టావు, సొంత మేనకోడలికి వెయ్యవా?"

"అందరికీ వెయ్యడమే తప్పు. నీతోనే మొదలుపెట్టాను ఆ తప్పు."

"ఇప్పుడా నీకు జ్ఞానోదయం? సంతకం పడకపోతే దాని సంవత్సరం ఏం కావాలి?"

"రేపంతా ఉంది. దానికీ రెండు చేతులున్నాయి."

"నీ పంతం కోసం నా కూతురి చదువు పాడుచెయ్యకు," అని రికార్డు లాక్కుని దిగిపోయాడు. నాకు భయమేసింది, ఎందుకు దాచాలి? సంతకం పడకపోతే జన్మంతా ఆ మాట నన్ను అంటారు. అలాగని లొంగిపోయి మళ్లీ ప్రింటు కొట్టడం నా వల్ల కాదు అనుకున్నాను.

ఆదివారం చర్చి నుంచి తిన్నగా మటన్ షాపుకెళ్లాను. "ఒక గుండెకాయ ఇవ్వు బాబూ, ముక్కలు కొట్టకు," అన్నాను. తెచ్చి, కడిగి, కింద వంటింట్లో కత్తిపీట మీద నిలువునా చీల్చి స్టీలు పళ్లెంలో పెట్టాను. మరదలు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"వదినగారూ, అది కూరకా, చదువుకా?"

"ముందు చదువుకి, తర్వాత కూరకి."

మేనకోడల్ని కూర్చోబెట్టి, పక్కన మూడు ముక్కుల పేజీ తెరిచి పెట్టాను. రబ్బరు మాత్రం నా కొంగుకి ముడేసుకున్నాను. పాత నోట్సు వెనక పేజీల మీద మొదలుపెట్టింది. మొదటిది మామిడికాయలా వచ్చింది. "చూశావా, రాదన్నానా," అంది. "పుంజుకి మూడు ముక్కులొచ్చాయి, నీకు మామిడికాయే కదా," అన్నాను. ఏడుపుమొహంతోనే నవ్వింది. దాని వంకర గీతలు చూస్తుంటే నా మందారం సంగతి నోటికొచ్చింది, మొత్తం చెప్పాను. మూడో బొమ్మ దగ్గర వేలితో గుండె లోపల కదిపి ఒక్కసారి అరిచింది. "అత్తా, లోపల దారాలున్నాయి! టెక్స్ట్‌బుక్కులో రెండు గీతలు గీసి వదిలేశాడు!" ఆ తర్వాత నన్ను పట్టించుకోలేదు. సాయంత్రానికి వాళ్ల నాన్న దగ్గర్నుంచి రికార్డు తెచ్చుకుని అందులో వేసింది. ఒక గోడ మందం, ఒక గోడ పల్చన, దారాలన్నీ, బయట అంటుకున్న కొవ్వుతో సహా. గీతలు వణికాయి. నా కంటికి అది బతికున్న గుండెలా ఉంది. రాత్రికి పళ్లెంలోది కూరైంది.

సోమవారం అది కాలేజీ నుంచి వచ్చేసరికి తమ్ముడూ నేనూ గుమ్మంలోనే ఉన్నాం. రికార్డు తెరిచాడు. పేజీకి అడ్డంగా ఎర్రగీత, కింద "రిపీట్". దాన్ని నా ముందుకి తోశాడు. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత అదే గీత, అదే మాట. ఈసారి దానికి తగిలించింది నేను.

"సార్ ఏమన్నారు?" అన్నాను.

"కొవ్వెందుకు వేశావమ్మా, పుస్తకంలో లేదుగా అన్నారు. గుండెకి ఉంది సార్ అన్నాను." చెప్పులు విప్పుకుంటూ మామూలుగా చెప్పింది. "సరేలే, రేపటిదాకా టైమిచ్చారు."

క్లాసు నవ్వినప్పుడు నేను అనలేకపోయిన మాట అది. వాళ్ల నాన్న మొహం చూసి కూడా అది బెదరలేదు. ఆ సాయంత్రం మేడ మీదకి రాలేదు. పరీక్షకి పుస్తకంలో గుండె కావాలంటే అదీ వేస్తానని కూర్చుని, తనంతట తనే ఒక్క ఊపులో వేసేసింది. ఏ గది ఎక్కడుందో వేలితో తడిమి తెలుసుకుంది కదా, ఇంక పుస్తకం ఎంత? మంగళవారం సంతకం పడింది. ఎర్రగీత కొట్టిన పేజీని మాత్రం చింపలేదు. తమ్ముడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కాఫీ గ్లాసు తెచ్చి నా చేతికిచ్చి, "బొద్దింకకి కాళ్లెన్ని అక్కా?" అన్నాడు. "పోయి చూసి లెక్కపెట్టుకో," అన్నాను.

తర్వాతి ఆదివారం మేనకోడలు మందారపువ్వుతో పైకొచ్చింది. "మన కుండీల్లో దొరకలేదు. వీధి చివరిదాకా వెతికి తెచ్చాను. పురుగు కొరికింది, చూడు. వెయ్యి." రేకు అంచుకి దగ్గరలో కన్నం. బ్లేడుతో చీల్చి, పెన్సిల్ తీసుకుని, పది నిమిషాల్లో వేసేసి దాని ముందు పెట్టాను.

అది పువ్వు వంక చూసింది, బొమ్మ వంక చూసింది. అప్పుడు నేనూ చూశాను. ప్రింటు కొట్టినట్టుంది. రేకులన్నీ అటూ ఇటూ సమానంగా, ఒక్కదానికీ కన్నం లేదు. నిజం పువ్వు ఎదురుగా ఉండగానే నా చెయ్యి మళ్లీ టెక్స్ట్‌బుక్కునే దించేసింది.

మేనకోడలు నా స్కూలు సంచిలోంచి ఎర్రపెన్ను తీసింది. పేజీకి ఆ మూల నుంచి ఈ మూలకి గీత కొట్టి, కింద "రిపీట్" అని రాసింది.

"పుస్తకంలో ఉన్నట్టు వేశావత్తా. చెట్టుకి ఉన్నట్టు వెయ్యి," అంది.

నేను పేజీ తిప్పాను. ఈసారి కన్నంతో మొదలుపెట్టాను.