క్యాన్‌లో కలిపిన నీళ్లు

నా తప్పును ఒకామె తన తప్పనుకుని బతుకుతోంది. ఆ బరువు ఏళ్ల తరబడి మోస్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. మీరు నన్ను ఎరుగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

భద్రాచలంలో ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. చర్ల అవతలి గూడెం నుంచి ఆమె తన భర్తను తీసుకొచ్చింది. వాంతులు, కాళ్లలో సత్తువ లేదు. డాక్టరు అతని మూత్రంలో క్లోరైడ్, అంటే ఉప్పు పాలు, ఎంతుందో చూడమన్నారు. తక్కువుంటే ఉప్పు వాంతుల్లో పోతున్నట్టు, సెలైన్‌తో కోలుకోవచ్చు. ఎక్కువుంటే లోపం మూత్రపిండాల్లోనే ఉండొచ్చు, వైద్యం వేరు. ఒక పగలూ రాత్రీ వచ్చిన మూత్రమంతా క్యాన్‌లో పట్టి తెమ్మన్నాం. ఆ క్యాన్‌ను తువ్వాలలో చుట్టి, గతుకుల రోడ్డున బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది.

పరీక్షకు ముందు మూత్రాన్ని బాగా కలపాలి. మూత బిగిసిందో లేదో చూడకుండా ఊపాను. సగం నేలపాలైంది.

మళ్లీ పట్టి తెమ్మంటే సరిపోయేది. ఆమె బయట బెంచీ మీద కూర్చుని ఉంది. నోరు రాలేదు. జాలా? కాదు, సిగ్గు. ఓనరు తిడతాడన్న భయం కూడా. ఉప్పన్నదే లేని డిస్టిల్డ్ వాటర్ పోసి క్యాన్‌ను ముందున్నంత నింపాను. క్లోరైడ్ తక్కువ వచ్చింది. రాకేం చేస్తుంది? రిపోర్టు మీద సంతకం పెట్టాను.

సెలైన్ ఎక్కించారు. అతను ఇంకా నీరసించాడు. రిపోర్టుకూ రోగి పరిస్థితికీ లెక్క కుదరడం లేదు, మూత్రం పట్టడంలోనే తేడా వచ్చినట్టుందని డాక్టరు ఆమెతో అన్నారట. ఖమ్మం తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. నిజం చెప్పి ఉంటే బతికేవాడా? అప్పటికే చెయ్యి దాటిపోయిందేమోనని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను, చెప్పుకున్న ప్రతిసారీ అది నన్ను కాపాడుకోవడానికి అల్లుకున్న మాటేనని నాకు తెలుస్తూనే ఉంది.

కర్మలయ్యాక ఆమె ల్యాబ్‌కు వచ్చింది.

"సారూ, నేను పట్టుడే తప్పు పట్టిన్నా?"

అప్పుడైనా చెప్పొచ్చు. ఎవరు ఆపారు?

"అవ్ అమ్మా, గట్లనే అయి ఉంటది" అన్నాను.

"నా చేతులతోనే పోగొట్టుకుంటి" అని, మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆమె ఊరు తెలుసు. ఇన్నేళ్లలో వెళ్లలేదు. వెళ్తానన్న నమ్మకం కూడా లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆమె సరిగ్గానే పట్టింది. ఒలకబోసింది నేను, నీళ్లు కలిపింది నేను. ఇది రాశాక నాకు కాస్త ఊపిరి ఆడుతోంది. ఆమెకు ఆ కాస్తా లేదు.