ఆదివారం పది గంటల టేపు

మా సార్ పోయారని సోమవారం ఆఫీసుకి ఫోన్ వచ్చింది. "అచ్ఛా" అన్నాను. ఫోన్ పెట్టేసి వచ్చే వారం ప్రోగ్రాముల చార్టు పూర్తి చేశాను. కంట్లో చుక్క నీరు రాలేదంటే మీకు వింతగా ఉండొచ్చు. నాకూ వింతగానే ఉంది.

నోయిడాలో ఒక టీవీ చానల్లో ఏ కార్యక్రమం ఏ వేళకి రావాలో తేల్చే విభాగానికి ఆయన పెద్ద. అప్పట్లో నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నాను. ఆదివారం పొద్దున్న పదింటికి ఇంటిల్లిపాదీ చూసే సైన్స్ ఫిక్షన్ సీరియల్ ఒకటి వచ్చేది. గ్రహాంతరవాసులు, మరమనుషులు, కాస్త కొట్లాట. ఆ కొట్లాట ఎంతవరకు ఉండొచ్చో చెప్పే రూల్సు కాగితాలు సార్ సొరుగులో మూలుగుతుండేవి. ప్రసారానికి ముందే ఆయన ఆ వారం టేపు పెట్టుకుని లంచ్ బాక్స్ విప్పేవారు. పప్పన్నం ముద్ద నోటిదాకా వెళ్లకుండా ఆగిందంటే ఆ ఎపిసోడ్ రాత్రి తొమ్మిదికి పోవలసిందే. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

"ఆ టైంకి ఇళ్లలో అందరూ టిఫిన్ ప్లేట్లతో కూర్చుంటారమ్మా. వాళ్లకంటే ముందు మనం తింటూ చూడాలి" అనేవారు.

శనివారాలు ఆయనకి ఉపవాసం. ఒక శనివారం టేపు ఆలస్యంగా వచ్చింది. నీ బాక్స్ పెట్టుకుని నువ్వు చూడమని నాకిచ్చారు. నేనప్పటికే తినేశాను. ఆ సంగతి చెప్పకుండా, సగం టేపు గబగబా తిప్పేసి, ఫర్వాలేదు సార్ అన్నాను. నా మాట మీద ఆయన సంతకం పెట్టారు.

మర్నాడు పదింటికి ఒక మరమనిషి ఒక తాతగారి గొంతు పట్టుకుని, ఆయన కాళ్లు కదలడం మానేదాకా వదల్లేదు. ఇక ఒకటే ఫోన్లు. తన కూతురు తాతయ్య గదిలోకి అడుగు పెట్టడం లేదని ఘాజియాబాద్ నుంచి ఒకావిడ చెప్పింది.

పైవాళ్లు అడిగితే సార్ తానే చూశానన్నారు. ఆయన్ని టేపుల లైబ్రరీకి మార్చారు. నేను నోరు మెదపలేదు. నా ఉద్యోగం పక్కా అయింది. కారిడార్‌లో ఎదురైతే "తిన్నావామ్మా" అని అడిగి, జవాబు వినకుండా వెళ్లిపోయేవారు. కోపమే అనుకున్నాను.

నిన్న వాళ్లింటికి వెళ్లి, ఇన్నేళ్లూ దాచినదంతా సార్ భార్యకి, ఆంటీకి, చెప్పేశాను.

"ఆయనకి తెలుసమ్మా" అన్నారు. "నువ్వు కడిగి బోర్లించిన బాక్స్ ఆ రోజే చూశారు. చూసి కూడా, నీరసంగా ఉండి, మళ్లీ చూడమనే ఓపిక లేక సంతకం పెట్టేశారట. నీకు ఎదురుపడాలంటే ఆయనకే సిగ్గుగా ఉండేది."

నేను తల ఊపాను. పరామర్శకి వెళ్లినదాన్ని నేను. ఆవిడే కుర్చీ దగ్గరికి జరుపుకుని, నా వీపు నిమురుతూ కూర్చున్నారు.