స్తోత్రం లేని సాక్ష్యం

షెకీనా తిక్క పిల్ల అని మౌలాలి రైల్వే కాలనీలో ఎవరినడిగినా చెబుతారు. సండే స్కూల్ క్రిస్మస్ నాటకంలో గొర్రెపిల్ల వేషం ఇస్తే, "గొర్రెకు డైలాగ్ ఎందుకు లేదు?" అని స్టేజీ మీదే అడిగి మా అందరి పరువు తీసింది. పెద్దయ్యాక బుద్ధి వస్తుందనుకున్నాం. బి.కామ్ చదివి, బ్యాంకు పరీక్షలు రాయమంటే వినకుండా క్రియేటివ్ రైటింగ్ ఎం.ఏ.లో చేరింది. "కథలు రాసేటందుకు డిగ్రీ ఏందే?" అని వాళ్ల నాన్న లూకా కొన్నాళ్లు దానితో మాట్లాడలేదు. అదీ మాట్లాడలేదు. ఆ మొండితనమంటే నాకు మొదటినుంచీ ఇష్టమే.

ఆ చదువులో ఒక పని ఉందట. ప్రతి విద్యార్థీ తన పేటలో కొన్ని వారాలు జనం చేత రాయించాలి, చివర్లో అందరి ముందూ చదివించాలి. దాని క్లాస్‌మేట్లు పద్మారావు నగర్లో, ఏ.ఎస్. రావు నగర్లో మంచి మంచి స్కూళ్లు వెతుక్కున్నారు. ఇది మాత్రం మా చర్చి వెనక హాలు అడిగింది. సంఘ కార్యదర్శి మా ఆయన జీవరాజు గారే కాబట్టి, "పిల్లది ముచ్చటపడుతోంది, ఇవ్వండి" అని నేనే నచ్చజెప్పాను.

మొదటి శనివారం ఎనిమిది మందిమి ఆడవాళ్లం వెళ్లాం. "మీకు జరిగింది ఏదన్నా రాయండి" అంది. మేం రాయడం మొదలుపెట్టాం. చదివి వినిపించేసరికి ఆ పిల్ల తల పట్టుకుంది. అందరం సాక్ష్యాలే రాశాం. చర్చిలో లేచి నిలబడి చెప్పుకునే సాక్ష్యానికి ఒక వరస ఉంటుంది. ముందు కష్టం, తర్వాత ప్రార్థన, ఆ తర్వాత దేవుడు చేసిన మేలు, చివర్లో "ప్రభువుకు స్తోత్రం". అందరూ "ఆమెన్" అంటారు. చిన్నప్పటినుంచీ అదే వరసలో మాట్లాడినవాళ్లం, చేతికి పెన్ను ఇస్తే ఇంకెలా రాస్తాం? నేను మా ఇంట్లో గ్యాస్ లీకైన సంగతి రాశాను. లీకేజీ మూడు ముక్కలు, స్తోత్రాలు ఒక పేజీ.

"ఆంటీ, జెర చివరి లైన్ తీసేసి మళ్ల చదువుండ్రి" అంది షెకీనా.

"స్తోత్రం తీసేయాలా?" అని నోళ్లు తెరిచాం.

"దేవునికి స్తోత్రం వద్దంటలేను ఆంటీ, రాసుడు గురించే చెప్తున్న. కష్టం ఇంకా అయిపోకపోతే, అయిపోలేదనే రాయుండ్రి."

ఆ మాట ప్రేమమణికి తగిలింది. ప్రేమమణి భర్త లోకోషెడ్డులో పనిచేసేవాడు. జబ్బు పడితే సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది. అయినా పోయాడు. ఆయన జ్ఞాపకార్థ కూడికలో ఏటా ఆమె లేచి, "నా భర్తను దేవుడు మహిమలోకి తీసుకున్నాడు, స్తోత్రం" అని చెప్పి కూర్చుంటుంది. ఈసారి అలా రాయలేదు. ఏం రాసిందో మా ఆయన చెవిన పడింది. ఎవరు వేశారో నాకు తెలుసు, చెప్పను.

చదివే రోజుకు ముందు మా ఆయన షెకీనాను మా ఇంటికి పిలిపించారు. "కాలేజీ నుంచి మీ మేడం కూడా వస్తారంటున్నావు. దేవుని మందిరంలో దేవుని మీద కోపమేమిటమ్మా? చివర ఒక్క లైను కలిపించు. ఏం పోతుంది?"

"ఆ ఒక్క లైన్ చెప్పుకుంటనే ప్రేమమణి ఆంటీ ఇన్నేండ్లు ఏడ్వలేదు అంకుల్. నేను కలపను."

"అయితే హాలు తెరవను."

"మెట్ల మీద చదువుతం" అని లేచి వెళ్లిపోయింది. మార్కులు పోతాయని భయం కూడా లేదు దానికి. నేను మా ఆయన టీ కప్పు సగం తాగుతుండగానే తీసేశాను.

చదివే శనివారం సాయంత్రం హాలుకు తాళం ఉంది. మెట్ల మీద చాపలు పరిచి, వాళ్ల మేడంను కూడా అక్కడే కూర్చోబెట్టిందట షెకీనా. ఆ తాళంచెవి మా ఇంట్లో ఫ్రిజ్ పక్క మేకుకు వేలాడుతుంది. తీసి కొంగున కట్టుకున్నాను. "ఎక్కడికి?" అన్నారు మా ఆయన. "హాలు తెరవడానికి" అన్నాను. ఆయన నా వెనకే వచ్చారు. అడ్డుపడితే పదిమందిలో నవ్వులపాలవుతామని భయం, అంతే. నేను తాళం తీసి అందరినీ లోపలికి పిలిచాక, చివరి బెంచీ మీద కూర్చున్నారు.

ప్రేమమణి కాగితం పట్టుకుని నిలబడింది. "డాక్టర్ వచ్చి చెప్పినప్పుడు నేను ఫ్లాస్కులోంచి టీ పోస్తున్నాను. చెప్పాక కూడా పోస్తూనే ఉన్నాను. అందరూ దేవుని చిత్తం అన్నారు. నాకు దేవుని మీద కోపం వచ్చింది. ఇంకా ఉంది. రోజూ ఆ కోపంతోనే ప్రార్థన చేస్తున్నాను." కాగితం మడిచి, "గంతే" అంది.

ఎప్పుడు ఆమెన్ అనాలో ఎవరికీ తెలియలేదు. మా ఆయనకు మాత్రం తెలిసింది. లేచి, గొంతు సవరించుకుని, "ప్రభువుకు..." అన్నారు.

"కూర్చోండి" అన్నాను.

పెళ్లయ్యాక నలుగురిలో ఆయన మాటకు అడ్డం రావడం అదే మొదలు. "ఆమెది అయిపోయింది. మీరేం కలపకండి." ఆయన నావైపు చూసి, మెల్లగా కూర్చున్నారు.

"నెక్స్ట్ ఎవరు?" అంది షెకీనా. నేను చెయ్యెత్తాను.

"గ్యాస్ లీకా, ఆంటీ?"

"కాదే. మా మొదటి బిడ్డది" అన్నాను. కళ్లు కూడా తెరవని ఆ బిడ్డను పాతిపెట్టి వచ్చిన ఆదివారమే, నన్ను లేపి నిలబెట్టి స్తోత్రం చెప్పించింది మా ఆయనే. నా చేతిలో కాగితం లేదు. అవసరం కూడా లేదు. ఆయనకేసి చూస్తూనే మొదలుపెట్టాను.