ఆడమ్స్‌టౌన్‌లో మేజర్ గారి సామాను

నా భార్య సైన్యంలో నర్సింగ్ ఆఫీసరు, మేజర్. పెళ్ళయినప్పటి నుంచి ఎన్ని ఊళ్ళు మారినా ఇల్లు సర్దింది తనే. అటక మీంచి నల్ల ఇనపపెట్టెలు దించేది, వాటి మీద పాత ఊరి పేరు కొట్టేసి తెల్ల పెయింటుతో కొత్త ఊరి పేరు రాసేది, దగ్గరుండి ట్రక్కు ఎక్కించేది. నాది కంపెనీ ఉద్యోగం. సామానంతా చేరాక ఏ శనివారమో వెళ్ళి, కొత్త క్వార్టర్సులో ఫ్యాను కింద కూర్చుని టీ తాగేవాణ్ణి. అలాంటి నేను ఐర్లండ్‌లో ఒక ఇల్లు మొత్తం ఒక్కణ్ణే ఎత్తాల్సి వచ్చింది.

లీక్స్‌లిప్‌లో కంప్యూటర్ చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో నాకు ఉద్యోగం దొరికింది. ముందు నేను వెళ్ళాను. తర్వాత తను చదువు కోసం సెలవు పెట్టి, పిల్లలిద్దరినీ తీసుకుని వచ్చింది. కాలిన గాయాల రోగులను చూసుకోవడం మీద డబ్లిన్‌లో పైచదువులో చేరింది. ఆడమ్స్‌టౌన్‌లో రైలు స్టేషనుకు దగ్గరగా ఇల్లు తీసుకున్నాం. పిల్ల హైస్కూల్లో చేరింది, పిల్లాడు హర్లింగ్ అనే అక్కడి ఆట కర్ర పట్టుకుని వీధులన్నీ తిరిగేవాడు. ఇద్దరికీ తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం అక్కడి యాసలో ఇంగ్లీషులోనే. తన సెలవు అయిపోయాక ఏం చేద్దామన్న సంగతి మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తితే పోట్లాట అవుతుందని ఇద్దరికీ తెలుసు.

ఆ వసంతంలో మన దేశ సరిహద్దులో గొడవలు మొదలయ్యాయి. టీవీలో రోజూ అవే వార్తలు. ఒక ఉదయం తను వంటింట్లో ప్రెస్ తలుపు తెరిచి (అక్కడ అలమరని ప్రెస్ అంటారు, మాకూ అదే అలవాటైంది) కాఫీపొడి డబ్బా తీస్తూ ఫోన్ చూసుకుంది. డబ్బా తీయకుండానే తలుపు మూసింది.

"సెలవు రద్దు చేశారు. రమ్మన్నారు," అంది.

"ఎప్పటికి?"

"వెంటనే."

"మరి చదువు?"

"చదువెక్కడికి పోతుంది? మళ్ళీ చదువుకుంటా."

పిల్లాడు పాలగ్లాసు ముందు కూర్చుని వింటున్నాడు. "మామ్, నువ్వు ఫైట్ చేస్తావా?" అని అడిగాడు.

"లేదు నాన్నా. ఫైట్ చేసినవాళ్ళకి కట్లు కడతా."

ఆ సాయంత్రం పెట్టె సర్దుకుంటూ నాకు అన్నీ అప్పజెప్పింది. "నన్ను తప్పకుండా సరిహద్దు దగ్గర ఫీల్డుకు పంపుతారు. అక్కడికి కుటుంబాలు రాకూడదు. సికింద్రాబాద్‌లో ఫ్యామిలీ క్వార్టర్సు ఇస్తారు, అడుగు. బడి టర్మ్ అవగానే ముగ్గురూ వచ్చెయ్యండి. ఇల్లు నువ్వే సర్దాలి. సర్దగలవా?"

"సర్దుతా."

"పుస్తకాలు చిన్న పెట్టెల్లో పెట్టు. పెద్దదాంట్లో పెడితే ఎవడూ ఎత్తలేడు. గాజుసామాను దుప్పట్ల మధ్యన పెట్టు."

నేను తలూపాను. వస్తానని ఊపానా, పుస్తకాల సంగతికి ఊపానా అని తను అడగలేదు. మర్నాడు ఎయిర్‌పోర్టులో కూతురి భుజం పట్టుకుని, తమ్ముడి ఇన్హేలర్ నాన్న బ్యాగులో కాకుండా దాని బ్యాగులోనే ఉండాలని మళ్ళీ మళ్ళీ చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

మొదట్లో రోజూ ఫోన్ చేసేది. ఢిల్లీలో ఉన్నన్నాళ్ళూ వీడియోలో కనిపించేది, పిల్లాడితో హోంవర్కు చేయించేది. తర్వాత ఫీల్డుకు పంపారు. "ఎక్కడికి?" అన్నాను. "అడక్కు," అంది. అప్పట్నుంచి వీడియో లేదు, మాట ఒక్కటే. తర్వాత అదీ ఎప్పుడో ఒకసారి, అదీ తెగి తెగి. తర్వాత పూర్తిగా ఆగిపోయింది.

అప్పటికే ఇల్లు ఖాళీ చేస్తామని ఓనరుకు నోటీసు, ఫ్యాక్టరీలో రాజీనామా ఇచ్చేశాను. డబ్లిన్‌లో అద్దె ఇల్లు దొరకడం ఎంత కష్టమో అక్కడున్నవాళ్ళకే తెలుస్తుంది. ఒక ఇల్లు చూడ్డానికి వీధి చివరిదాకా వరుస కడతారు. ఒకసారి తాళాలు ఇచ్చేశామా, పిల్లలతో మళ్ళీ ఎక్కడుంటాం? ఏజెంటు ఫోన్ చేసి కొత్తవాళ్ళు దొరికారని, నా మనసు మారితే మాత్రం శుక్రవారంలోగా చెప్పమని అన్నాడు. ఫ్యాక్టరీలో మా మేనేజరు నన్ను పక్కకు పిలిచి, రాజీనామా కాగితం ఇంకా పైకి పంపలేదని, తొందర లేదని చెప్పాడు. మంచిగానే చెప్పాడు.

మా చర్చిలో అందరికీ పెద్దదిక్కుగా ఉండే ఒక ఆంటీ లూకన్‌లో ఉండేవారు. ముసలివాళ్ళ నర్సింగ్ హోమ్‌లో వాళ్ళను చూసుకునే కేరర్‌గా చేస్తారు. డ్యూటీ దిగి అలాగే యూనిఫామ్ మీద వచ్చి, మా పెట్టెల మధ్య కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"బాబూ, నేను చెప్పకూడదు గానీ చెప్తున్నా. అమ్మాయి దగ్గర్నుంచి ఫోనే లేదంటున్నావు. ఉన్న ఇల్లు వదిలేసి, ఉద్యోగం వదిలేసి, పిల్లల్ని తీసుకుని ఎక్కడికెళ్తావు? ఆ సంగతేంటో తేలేదాకా ఆగకూడదా?"

"రమ్మని చెప్పి వెళ్ళింది, ఆంటీ."

"అప్పుడు చెప్పింది. ఇప్పుడేమనుకుంటుందో నీకు తెలుసా?"

నాకు తెలియదు. అదే నన్ను తినేస్తోంది. ఆవిడ పిల్లల తలల మీద చేతులుంచి ప్రార్థన చేసి వెళ్ళారు. తలుపు వేసి వెనక్కి తిరిగేసరికి మెట్ల మీద నా కూతురు కూర్చుని ఉంది. అంతా విన్నది.

మిగిలిన సెలవులు పెట్టేసి, పిల్లలు బడికి వెళ్ళాక పగలంతా వార్తలు చూసేవాణ్ణి. వాళ్ళు వచ్చాక ఫోన్‌లో చూసేవాణ్ణి. ఒకరోజు పిల్లాడు సర్దిన పెట్టె విప్పి బొమ్మలు తీశాడని గట్టిగా అరిచాను. వాడు ఏడవలేదు, బొమ్మలు మళ్ళీ పెట్టెలో పెట్టేసి, మూత మీద కూర్చున్నాడు. పిల్ల వచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"దిస్ ఈజ్ గోయింగ్ ఇన్ ద ప్రెస్," అని, ప్లేట్ల వెనక పెట్టేసి, "అన్నం తిన్నాక ఇస్తా," అంది. ఆ ఒక్క ముక్కా తెలుగులో.

పక్కింట్లో ఒక ఐరిష్ పెద్దావిడ కూతురితో ఉండేది. ఆవిడ భర్త పూర్వం ఐరిష్ సైన్యంలో పనిచేశాడట, శాంతిదళంతో లెబనాన్ వెళ్ళాడట. మా కర్టెన్లు తనకు సరిపోతాయేమో చూసుకోవడానికి వచ్చి, కొలత టేపు చేతిలో పట్టుకుని నన్ను చూసింది. "ఎన్నాళ్ళయింది కబురు లేక?" అని అడిగింది. చెప్పాను.

"మా రోజుల్లో ఉత్తరాలే. వారాల తరబడి వచ్చేవి కావు. అందరూ ధైర్యంగా ఉండమనేవాళ్ళు. నేనేం ధైర్యంగా లేను, రోజూ మా అమ్మ మీద అరిచేదాన్ని." కాసేపు కర్టెన్లు కొలుచుకుంది. "కబురు లేదంటే లేదంతే. అందులోంచి మంచీ లాగకు, చెడూ లాగకు," అంది. కర్టెన్లు ఆవిడ కిటికీకి పొట్టి అయ్యాయి. అయినా తీసుకెళ్ళింది.

శుక్రవారం వచ్చింది. ఏజెంటుకు ఫోన్ చేయలేదు. ఉంటాననీ చెప్పలేదు, వెళ్తాననీ చెప్పలేదు. చెప్పకపోతే వెళ్తున్నట్టేనని తెలిసే అలా ఉండిపోయాను.

సామాను తీసుకెళ్ళడానికి వ్యాను వచ్చిన రోజు ఉదయం నుంచీ వాన. ఇద్దరు మనుషులు వచ్చారు. పుస్తకాల పెట్టెలు తేలిగ్గానే ఎత్తారు. సోఫా పోయింది, పిల్లల మంచాలు పోయాయి, ఆ గదుల్లో మా మాటలు మోగడం మొదలైంది. సగం సామాను ఎక్కాక నా జేబులో ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎత్తాను. దూరంగా ఏదో యంత్రం తిరుగుతున్న చప్పుడు, దాని మీద ఒక ఆడగొంతు "హలో" అంది. అంతే, తెగిపోయింది. అది తన గొంతో కాదో కూడా నాకు తెలియలేదు.

తిరిగి చేశాను. మోగలేదు. మళ్ళీ చేశాను. వానలో రోడ్డు మీద నిలబడి చేస్తూనే ఉన్నాను. ఏం చెప్పబోయింది? రావద్దని చెప్పబోయిందా? అసలు అది తనేనా, లేక తన గురించి చెప్పడానికి ఇంకెవరైనానా? వ్యాను వాళ్ళను ఆగమన్నాను.

"ఆగమంటే, దించమనా?" అన్నాడు డ్రైవరు.

"తెలీదు. ఆగండి."

అతను నా మొహం చూశాడు. "యూ ఆర్ గ్రాండ్, టేక్ యువర్ టైమ్," అని (ఫరవాలేదనడానికి అక్కడ గ్రాండ్ అంటారు), ఇద్దరూ వ్యాను వెనక తలుపు కింద నిలబడి ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నారు.

నా కూతురు బయటికి వచ్చింది. గొడుగు లేదు. ఏమైందని అడిగింది. చెప్పాను, దాచాలని తోచలేదు. దానికి రాని తెలుగును కూడబలుక్కుని మాట్లాడింది.

"టర్మ్ అయ్యాక రమ్మని మామ్ చెప్పింది. తర్వాత వేరే ఏమైనా చెప్పిందా?"

"లేదు."

"మార్చలేదు కదా? మార్చకపోతే ఫస్ట్ ఆర్డరే ఆర్డర్, డాడ్. మామే చెప్తుంది ఎప్పుడూ."

పదమూడేళ్ళ పిల్ల. జుట్టు తడిసి మొహానికి అతుక్కుపోయింది. దాని గడ్డం కింద కండరం అదురుతోంది, ఏడుపు ఆపుకుంటోంది. దాన్ని దగ్గరికి తీసుకుందామని చెయ్యి చాపితే వెనక్కి జరిగింది. ముట్టుకుంటే ఏడ్చేసేదేమో. వ్యాను వాళ్ళ వైపు తిరిగి, "క్యారీ ఆన్, ప్లీజ్," అంది. వాళ్ళు నా వైపు చూశారు. తలూపాను. ఈసారి దేనికి ఊపుతున్నానో నాకు తెలుసు.

తాళాలు ఇచ్చేశాం. మిగిలిన కొద్ది రోజులూ ఆంటీ వాళ్ళింట్లోనే ఉన్నాం. వద్దన్న ఆవిడే మాకు మంచం ఇచ్చి, తను సోఫాలో పడుకున్నారు. ఎయిర్‌పోర్టుకు దారిలో తినమని పులిహోర కట్టిచ్చారు. ఫోన్ రాలేదు. విమానం ఎక్కినప్పుడూ లేదు, మధ్యలో దిగినప్పుడూ లేదు. పిల్లాడు కిటికీ పక్కన నిద్రపోయాడు. నేనూ పిల్లా ఒకరి వైపు ఒకరం చూసుకోకుండా కూర్చున్నాం.

సికింద్రాబాద్‌లో మా తమ్ముడింట్లో దిగి, మర్నాడే పిల్లలతో కంటోన్మెంటు ఆఫీసుకు వెళ్ళాను. ఫీల్డులో ఉన్నవాళ్ళ కుటుంబాలకు క్వార్టర్సు ఇచ్చేది అక్కడే. నా చుట్టూ ఉన్నవాళ్ళంతా ఆడవాళ్ళే. చంటిపిల్లలు, టిఫిన్ డబ్బాలు, ఎండ. నా వంతు వచ్చాక గుమాస్తా తలెత్తకుండానే హిందీలో, "సాబ్ ఏ యూనిట్?" అన్నాడు.

"సాబ్ కాదు, మేమ్‌సాబ్. మేజర్. నేను ఆవిడ భర్తని."

అప్పుడు తలెత్తాడు. వెనకనున్న ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు. ఒకావిడ తన కుర్చీ ఖాళీ చేసి నన్ను కూర్చోమంది. పెన్ను తీస్తుండగా ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"విను. కొంచెం సేపే మాట్లాడగలను," అంది నా భార్య. గొంతు బొంగురుపోయింది. "ఇక్కడ ఫోన్లన్నీ తీసేసుకున్నారు. ఒకసారి దొరికితే చేశాను, తెగిపోయింది. ఎక్కడున్నారు?"

"సికింద్రాబాద్‌లో."

"ముగ్గురూనా?"

"ముగ్గురమూ."

అటువైపు చాలాసేపు ఏమీ వినిపించలేదు. మళ్ళీ తెగిపోయిందనుకున్నాను.

"అక్కడ ఎండగా ఉందా?" అంది చివరికి.

"మండిపోతోంది."

"ఇక్కడ చలి. పిల్లలకివ్వు."

పిల్ల ఫోన్ తీసుకుంది. కొత్త క్వార్టర్సులో తనకు గది ఉంటుందా అని అడిగింది, బడి గురించి ఏదో మామూలుగా మాట్లాడింది. తమ్ముడికి ఫోన్ ఇచ్చాక బయట వరండాలోకి వెళ్ళి, గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఈసారి దగ్గరికి వెళ్తే వెనక్కి జరగలేదు.

వానాకాలం మధ్యలో తనకు కొద్దిరోజులు సెలవు దొరికింది. చిక్కిపోయింది. మాటిమాటికీ కడుక్కోవడం వల్ల చేతులు పగిలి, వేళ్ళ మధ్య చర్మం లేచిపోయింది. వచ్చిన రోజంతా కొత్త క్వార్టర్సులో చాప మీద పడి నిద్రపోయింది. పిల్లాడు మొదట కొత్త మనిషిని చూసినట్టు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. సాయంత్రానికి వెళ్ళి పక్కన పడుకున్నాడు.

ఐర్లండ్ సామాను అంతకు ముందు వారమే చేరింది. ఒక మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని పెట్టెలు విప్పుతుంటే, దుప్పట్లలోంచి గాజుగిన్నె తీస్తూ, నా వైపు చూడకుండా అంది:

"నువ్వు రావనుకున్నా."

"ఎప్పుడు?"

"ఎయిర్‌పోర్టులో. అక్కడికి వెళ్ళాక కూడా. రాకపోతే తప్పుపట్టకూడదని నాకు నేనే చెప్పుకున్నా. కానీ తప్పుపట్టేదాన్ని."

"నేనూ రాననే అనుకున్నా కొన్నాళ్ళు."

"మరి?"

"నీ కూతురు వ్యాను నడిపించింది."

వానలో జరిగిందంతా అప్పుడు చెప్పాను. తను విని నవ్వలేదు. గిన్నె పక్కన పెట్టి, లేచి, పిల్ల చదువుకుంటున్న గదిలోకి వెళ్ళింది. తలుపు దగ్గరగా వేసుకుంది. లోపల వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు, తెలుగో ఇంగ్లీషో కూడా తెలియలేదు. చాలాసేపే మాట్లాడుకున్నారు. నేను తర్వాతి పెట్టె విప్పాను.