ఎనిమిది ఓమ్‌ల స్పీకరు

పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో ఆంప్లిఫయర్లు తయారుచేసే ఒకాయన చెవి మీద పెన్సిలు, ఒళ్ళో అట్ట ఊడిన పుస్తకం ఎప్పుడూ ఉంటాయి. వాల్వుకూ స్పీకరుకూ పొత్తు కుదిర్చే ట్రాన్స్‌ఫార్మరును ఆయన పెళ్ళిళ్ళ పేరయ్య అంటాడు. ఎనిమిది ఓమ్‌ల నిరోధం ఉన్న స్పీకరు తీగను ట్రాన్స్‌ఫార్మరు మీద ఎనిమిది అని రాసిన స్క్రూకే బిగించాలని ఆ పుస్తకంలో ఉంది. ఆ విషయంలో ఎవరి మాటా వినడు. వంటగదిలో కూరలు తరిగే భార్యకు ఓమ్ అంటే ఏమిటో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

నిన్న పొద్దున సంగీతం మాస్టారి కోసం చేసిన ఆంప్లిఫయరులో పాట పెట్టగానే, ఆవిడ చేతిలో కత్తితోనే గుమ్మంలోకి వచ్చింది. "ఏవండీ, ఈ పాడే ఆవిడకు ఇన్నాళ్ళకు జలుబు తగ్గింది." ఆయన మురిసిపోతూ పెట్టెను వెనక్కి తిప్పి చూశాడు. తీగ పొరపాటున నాలుగు ఓమ్‌ల స్క్రూకు బిగించి ఉంది. మొహం మాడ్చుకుని ఎనిమిదికి మార్చాడు. "మళ్ళీ ముక్కు పట్టేసిందండీ." "పుస్తకంలో ఇలాగే ఉందోయ్." "పుస్తకం పాట వినదుగా." రెండు వైపులా మార్చి మార్చి, కళ్ళు మూసుకుని విన్నాడు. మోత కాస్త తగ్గినా, గొంతు తేటగా ఉన్నది నాలుగులోనే. మధ్యాహ్నం మాస్టారు విని, తల ఊపుతూ, "ఇంత బాగా ఎలా కుదిరిందండీ?" అని అడిగితే, "అనుభవమండీ," అన్నాడు. వంటగదిలో గిన్నె ఒకటి గట్టిగా చప్పుడు చేసింది. మాస్టారు వెళ్ళాక ఆయన చెవి మీది పెన్సిలు తీసి, పుస్తకంలో ఎనిమిది ఓమ్‌ల లెక్క పక్కన చిన్న అక్షరాలతో రాసుకున్నాడు: "ఇంట్లో ఒకసారి అడగాలి."