ఆళ్లగడ్డలో నేను తీయించిన కుచ్చిళ్లు

ఈ ప్రయాణం నా కోపంతో మొదలైంది. ఆడవాళ్లు విమానం ఎక్కడమే వింతైన రోజుల్లో విమానం నడిపి, తన కథ తానే రాసుకున్న ఒక మహిళ విగ్రహాన్ని నంద్యాలలో మా గ్రంథాలయం ముందు పెట్టాలనుకున్నాం. ఆళ్లగడ్డ శిల్పులు పంపిన ఫొటోలో ఆమె చీరలో ఉంది. నాకు ఒళ్లు మండింది. ఆకాశంలోకి ఎగిరినా సరే, ఆడదానికి చీర చుట్టందే మీకు నిద్రపట్టదా అని ఫోన్‌లో అరిచాను. ఫోన్ ఎత్తినావిడ ఏదో చెప్పబోతే, "నీకు తెలియదమ్మా, మేస్త్రికివ్వు" అన్నాను. కుచ్చిళ్లు తీసేసి ప్యాంటు చెక్కమంటే ఒక మగ గొంతు "సరే సార్" అంది. పది రోజులాగి, చూసొద్దామని బయల్దేరాను.

నంద్యాల బస్టాండులో ఉదయం ఏడింటికి బస్సు దొరికింది. శిరివెళ్ల మీదుగా గంట పైచిలుకు ప్రయాణం, ఛార్జీ వందలోపే. దారిలో ఆవిష్కరణ నాటి ప్రసంగం దిద్దుకున్నాను. 'ఆమె మాట ఎవరు విన్నారు?' అన్న వాక్యం కింద రెండు గీతలు గీశాను. ఆళ్లగడ్డలో దిగి ఆటో ఎక్కాను, ముప్పై రూపాయలు.

"యాడికి పోవల్లప్పా?"

"విమానం నడిపినామె విగ్రహం చెక్కే మేస్త్రి దగ్గరికి."

"రమణమ్మక్క కాడికా?"

"ఆవిడ కాదు, మేస్త్రి."

డ్రైవరు అద్దంలో నన్ను చూసి నవ్వాడు. "ఆయక్కనే మేస్త్రప్పా. ఆమె మొగుడు రాయికి నునుపు పడతాడంతే."

ఆటో శిల్పాల షెడ్డు ముందు ఆగింది.

రమణమ్మకు యాభై ఏళ్లుంటాయి. తలకు తువ్వాలు, రెప్పల మీద రాతిపొడి. ఆమె వెనక నల్లరాతి విగ్రహం నడుము కింద ప్యాంటుతో నిలబడి ఉంది.

"ఆ పొద్దు ఫోన్‌లో చెప్పబోతి సార్. ఈమె చీరతోనే ఇమానం తోలిందంట. ప్యాంటు ఏసుకుంటేనే ఎక్కనిస్తామంటే, కొంగు నడుముకు బిగించి ఎక్కి కూచున్యాదంట. ఈమెనే రాసుకునింది."

పాలిథిన్ కవరులోంచి పుస్తకం తీసింది. పని ఒప్పజెప్పినప్పుడు నేను పంపిన ఆత్మకథే. మొదటి పేజీలో నా సంతకం. ఇరవై ఏళ్లుగా ఆ విమానం నడిపినామె మీద ఉపన్యాసాలిస్తున్నాను. ఆ పుస్తకంలో రెండు అధ్యాయాలు దాటలేదని ఎవరికీ చెప్పలేదు.

"కుచ్చిళ్లు మళ్లీ పెట్టలేమా?" అన్నాను.

పక్కనే ఉన్న ఆమె భర్త తలెత్తాడు. "రాయి సార్ అది. మైనం గాదు."

విగ్రహం కళ్లు ఇంకా మూసే ఉన్నాయి. రమణమ్మ ఉలి చేతిలోకి తీసుకుంది. "కండ్లు ఆఖర్న తెరుస్తాం. తెరిస్తే ఇంక పనైపోయినట్టే. చెప్పండి, తెరవల్నా?"

"వద్దమ్మా. వేరే రాయి పట్టండి. ఆవిష్కరణ ఆగనీ. ఈసారి మీరు చెప్పండి, నేను వింటాను."

"నేను చెప్పేదేముంది సార్, సదువుకోని రాండి" అని పుస్తకం నా చేతిలో పెట్టింది.

తిరుగు బస్సులో మూడో అధ్యాయం తెరిచాను. రమణమ్మ చెప్పింది చెప్పినట్టు అక్కడే ఉంది. ఆ చీర ఆమె పెట్టుకున్న తగాదా. నేను చెక్కమన్న ప్యాంటు నా హుకుం. ఆడవాళ్ల నోరు నొక్కేవాళ్ల మీద ఇన్నేళ్లు పేజీలకు పేజీలు రాశాను. ఒకే ఫోన్ కాల్‌లో ఇద్దరి నోరు నొక్కాను, అందులో ఒకరు చనిపోయి కూడా బతికిపోలేదు. సిగ్గుతో ప్రసంగం మడిచి సంచిలో పెట్టాను.

విగ్రహం పనికి ఆళ్లగడ్డ వెళ్లేవాళ్లకు ఒక్క సూచన: ఎండ ముదరకముందే చేరండి. అంతకంటే ముందు, ఫోన్ ఎత్తినావిడ చెప్పేది చివరిదాకా వినండి.