పదమూడు చేతిరాతలు

అమెరికాలోని ట్రాయ్‌లో మా వీధి మలుపు దగ్గర అప్పట్లో, ప్రతి కారూ ఆగి వెళ్లాలని చెప్పే స్టాప్ సైన్ ఉండేది కాదు. రెండో తరగతి చదివే మా అమ్మాయి రోజూ అక్కడే రోడ్డు దాటాలి. 1981 వసంతంలో ఒక ఉదయం అరగంట నిలబడి లెక్కపెట్టాను. నూట పన్నెండు కార్లు వెళ్లాయి. వేగం తగ్గించినవి తొమ్మిది.

ఆ లెక్క రాసుకున్న కాగితంతో పక్కింటి అమెరికన్ టీచరమ్మ దగ్గరికి వెళ్లాను. వయసులో ఉండగా ఎన్నో ఊరేగింపుల్లో నడిచిన మనిషి. ఉద్యమాలన్నీ ఒకటి కావని ఆమె చెబితేనే తెలిసింది. కొన్ని ఒక్క నియమం మార్చమంటాయట; కొన్ని నియమాలు రాసేవారినే మార్చమంటాయట; ఇంకొన్ని ముందు మన ఇళ్లలో మనమే మారాలంటాయట. మరి మనది ఏ రకమని కుతూహలంగా అడిగాను. మొదటి రకమే, అందులోనూ చాలా చిన్నదని నవ్వి, అర్జీ రాసిచ్చింది. నలభై సంతకాలు కావాలి.

ఆమె ఇరవై తెచ్చింది. నేను మా ఇంటితో కలిపి పదమూడు తెలుగు ఇళ్ల నుంచి ఇరవై ఆరు తెచ్చాను. నగర కార్యాలయంలో క్లర్కు కాగితాలు తిరగేసి, పెన్సిలుతో పదమూడు పేర్లు కొట్టేశాడు. ప్రతి ఇంట్లోనూ భార్య పేరు కూడా భర్తే రాశాడు. నేనూ అంతే. ముప్పై మూడు మిగిలాయి, ఏడు తక్కువ.

ఇంటికి వచ్చి సంగతి చెబితే మా ఆవిడ తెల్లబోయింది.

"నా సైన్ మీరెందుకు చేశారండీ? కిచెన్‌లోనే ఉన్నాగా!"

"టైమ్ సేవ్ అవుతుందని..."

"భలే సేవ్ చేశారు! రోడ్డు మీద కార్లన్నీ లెక్కపెట్టారు, ఇంట్లో మనిషిని మర్చిపోయారు. కార్ కీస్ ఇవ్వండి."

శనివారం ఆమే డ్రైవ్ చేసుకుంటూ మిగిలిన పన్నెండు ఇళ్లకూ వెళ్లింది. నాకు రెండు గంటలు పట్టిన పనికి ఆమెకు అయిదు గంటలు పట్టింది. తనతో కలిపి పన్నెండు సంతకాలు తెచ్చింది.

"ఒకటి తగ్గిందే?" అన్నాను.

"ఒకావిడ చదివి, చెయ్యనంది."

"ఎందుకట?"

"అడగలేదు. ఆవిడిష్టం."

మొత్తం నలభై అయిదు. ఈసారి క్లర్కు పెన్సిలు తీయలేదు.

సెప్టెంబరులో స్టాప్ సైన్ వచ్చింది. మళ్లీ అరగంట నిలబడ్డాను. నూట నాలుగు కార్లలో ఆగనివి మూడు. మా అమ్మాయి రోడ్డు దాటింది. ఆ సాయంత్రం తల్లిదండ్రులిద్దరూ సంతకం చేయవలసిన ఫారం ఒకటి బడి నుంచి తెచ్చింది. నేను నా సంతకం చేసి, పెన్ను మా ఆవిడ వైపు జరిపాను. ఆవిడ ముందు ఫారమంతా చదివింది.